కోచ్‌లు మారుతున్నారు, ఓటములు మారట్లేదు: ఇండియా ఫుట్‌బాల్‌లో తప్పు శిక్షణదా, ఆటగాళ్ల సత్తాదా?

మూడులాంతర్ల మిడ్‌ఫీల్డర్ (విజయనగరం)

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ మీద 0-1. గోలు తిన్నది 11వ నిమిషంలో. తర్వాత దాదాపు ఎనభై నిమిషాలు చేతిలో ఉన్నా ఒక్కటీ తిరిగి కొట్టలేకపోయాం. దానికి నెల ముందు, అక్టోబరు 14న మడ్‌గావ్‌లో సింగపూర్ మీద మన చాంగ్‌తే 14వ నిమిషంలోనే గోలు కొట్టాడు. 44, 58 నిమిషాల్లో రెండు తిని సొంతగడ్డ మీద 1-2తో ఓడాం. 2027 ఆసియా కప్ ఆశ అక్కడితో సరి. 2019, 2023 ఆసియా కప్‌లు రెండూ ఆడిన దేశం మనది.

కోచ్‌గా స్టిమాచ్ ఐదేళ్లున్నాడు, 2024 జూన్‌లో తీసేశారు. మనోలో మార్కెజ్ వచ్చాడు, ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. ముగ్గురి కిందా ఓటమి ఒకేలా కనిపిస్తోంది. ఇక్కడ మాలో సగం మంది కోచ్‌ని తిడతారు, సగం మంది "గుంటల్లో (కుర్రాళ్లలో) సరుకు లేదు, ఎవరొస్తే ఏటవుద్ది" అంటారు. రెండు పక్షాలూ అరుచుకోవడమే తప్ప తేలడం లేదు.

నేనడిగేది ఒక్కటే. మ్యాచ్ చూస్తూ, ఈ గోలు కోచ్ తప్పు, ఈ గోలు సత్తా తక్కువై తిన్నది అని విడదీసే పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఎవరికి వీరాభిమానులో చెప్పడానికి మాత్రం వేరే చోటు ఉంది.

ఏడురోడ్ల స్టాపర్ (శ్రీకాకుళం)

నాది సూటి మాట: సత్తా లేదు. ముఖ్యంగా నంబర్ 9, అంటే ముందుండి గోల్స్ కొట్టే స్ట్రైకర్ దగ్గర.

సునీల్ ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి రిటైరయ్యాడు. తొమ్మిది నెలలకే, 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించారు. వచ్చీ రాగానే షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోలు కొట్టాడు, అది అతని 95వ అంతర్జాతీయ గోలు. నూట నలభై కోట్ల మందిలో అతని చోటులో నిలబడే ఇంకొక స్ట్రైకర్ దొరకలేదంటే అది కోచ్ బోర్డు మీద గీసే గీతలతో తీరే లోటు కాదు.

ఎందుకు దొరకడు? ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించొచ్చు. క్లబ్బులు ఆ నలుగురినీ ఎక్కడ పెడతాయో చూడండి: సెంటర్ ఫార్వర్డ్, సెంటర్ మిడ్‌ఫీల్డ్, స్టాపర్ (వెనక నడుమ కాపాడే డిఫెండర్). జట్టుకి వెన్నెముక అంతా వాళ్లే. మన కుర్రాళ్లకి మిగిలేది వింగులు, ఫుల్‌బ్యాక్‌లు, గోల్‌కీపింగ్. క్లబ్బులో ఏడాది పొడవునా వింగ్ మీద పరిగెత్తేవాడు దేశం జెర్సీ వేసుకోగానే పెనాల్టీ బాక్సులో స్టాపర్‌కి వీపు ఆనించి బంతి ఆపగలడా?

మనోలో సంగతే తీసుకోండి. ఇదే మనిషి 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిపించాడు. ఆ సీజన్‌లో అతని దగ్గర 18 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ ఒగ్బెచే ఉన్నాడు. ఇండియాకి వచ్చేసరికి ఆ తొమ్మిదో నంబరు లేదు. కోచ్ అతనే, బుర్ర అదే, తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

బొబ్బిలి బ్యాక్‌లైన్

స్టాపర్ అన్నా, నంబర్ 9 లేడన్న మాట ఒప్పుకుంటాను. కానీ స్ట్రైకర్ లేనప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించడానికే కదా కోచ్‌ని పెట్టుకునేది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చూడండి. మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మీద 0-2తో ఓడాం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక హెడింగ్‌లు చెయ్యడం కష్టం. సెమీస్‌కి రహీం సాబ్ అతన్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా, ఈసారి 2-1తో మనదే గెలుపు. గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. ఆటగాళ్లు వాళ్లే, ప్రత్యర్థి వాళ్లే, మధ్యలో గడిచింది కొన్ని రోజులు. ఆ రోజుల్లో మారింది కోచ్ బుర్రలో లెక్క.

పాత కథ అంటారేమో, 2023 చూడండి. మే నడిమి నుంచి భువనేశ్వర్‌లో క్యాంపు పెట్టారు. అక్కణ్నుంచి ఇంటర్‌కాంటినెంటల్ కప్, వెంటనే బెంగళూరులో శాఫ్ (దక్షిణాసియా దేశాల కప్). జులై 4 దాకా సుమారు యాభై రోజులు జట్టు కలిసే ఉంది. తొమ్మిది మ్యాచ్‌ల్లో తిన్నవి రెండే గోల్స్, అందులో ఒకటి మన సొంత గోలు. రెండు కప్పులూ మనవే. ఆ జులైలో ఫిఫా ర్యాంకు 99. ఆర్నెల్ల తర్వాత ఖతార్‌లో ఆసియా కప్, మొదటి మ్యాచ్‌కి ముందు దొరికింది రెండు వారాలు. ఆస్ట్రేలియా 0-2, ఉజ్బెకిస్తాన్ 0-3, సిరియా 0-1. మూడింటిలో మనం కొట్టిన గోల్స్ సున్నా. ఫిబ్రవరిలో ర్యాంకు 117. ఆర్నెల్లలో ఆటగాళ్ల సత్తా ఆవిరైపోతుందా?

ఏడురోడ్ల స్టాపర్ (శ్రీకాకుళం)

ఆ యాభై రోజుల్లో ఆడినవి లెబనాన్, కువైట్, మంగోలియా, వనువాటు, నేపాల్, పాకిస్తాన్. అన్నీ మన దేశంలోనే, మన జనం ముందు. ఖతార్‌లో ఎదురైనవాళ్లు వేరే స్థాయి. ఉజ్బెకిస్తాన్ అదే 2023లో అండర్-20 ఆసియా కప్ గెలిచింది. మన మీద 4వ నిమిషంలో గోలు కొట్టిన ఫయ్జుల్లాయెవ్ ఆ జట్టు కుర్రాడే. వాళ్ల అకాడమీల పంట అది. క్యాంపు ఇంకో నెల పెంచినా మూడు గోల్స్ రెండవుతాయేమో గానీ, గెలుపు కాదు.

ఆమదాలవలస ఆఫ్‌సైడ్

ఇద్దరూ నిజమే రాశారు, ఇద్దరూ సగమే రాశారు. మిడ్‌ఫీల్డర్ గారు అడిగింది పద్ధతి కాబట్టి అక్కడికి వస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తిన్న ప్రతి గోలుకీ ఒక ప్రశ్న వెయ్యండి: ఈ తప్పు దిద్దడానికి ఎన్నాళ్ల ప్రాక్టీసు కావాలి? జవాబు మూడు రకాలుగా ఉంటుంది.

మూడు నాలుగు రోజుల్లో దిద్దగలిగినవి: కార్నర్‌కి ఎవరు ఎక్కడ నిలబడాలి, మన కార్నర్ అప్పుడు వెనక ఎవరు కాపలా ఉండాలి, త్రో-ఇన్‌కి ఎవరు ఎవర్ని పట్టుకోవాలి, ఫ్రీకిక్ గోడలో ఎంతమంది.

మూడు నుంచి ఆరు వారాలు పట్టేవి: అందరూ ఒకేసారి ప్రెస్ చెయ్యడం (బంతి ఉన్నవాళ్ల మీదకి ఎగబడటం), డిఫెన్స్ వరస కలిసికట్టుగా పైకీ కిందికీ కదలడం, కీపర్ దగ్గర్నుంచి పాస్‌లతో బయటకు రావడం.

ఏళ్లు పట్టేవి: మొదటి టచ్, బలహీనమైన కాలు, బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవడం, గాల్లో బంతిని అంచనా వెయ్యడం.

ఇప్పుడు కోచ్‌కి ఎన్ని రోజులు దొరికాయో చూడండి. ఫిఫా విండో, అంటే దేశం తరఫున ఆడటానికి క్లబ్బులు ఆటగాళ్లని వదిలే గడువు, తొమ్మిది పది రోజులు, రెండు మ్యాచ్‌లు. ప్రయాణం, మ్యాచ్ మర్నాటి విశ్రాంతి తీసేస్తే గట్టిగా చేసే ప్రాక్టీసులు మూడో నాలుగో. మొదటి రకం తప్పుతో గోలు తింటే కోచ్‌ని అడగండి, సందేహం లేదు. రెండో రకమైతే కోచ్‌కి ఆ వారాలు ఇచ్చారా అని చూడండి, ఇవ్వకపోతే తప్పు క్యాలెండర్‌ది, దాన్ని రాసినవాళ్లది. 2025-26 ఐఎస్‌ఎల్ సమయానికి మొదలే కాలేదు, అక్టోబరులో సింగపూర్ మీదకి దిగినవాళ్లలో చాలామందికి సరైన లీగ్ మ్యాచ్‌లు కాళ్లలో లేవు. మూడో రకమైతే ఇప్పటి కోచ్‌ని తిట్టి లాభం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే. ఆ కుర్రాడికి తొమ్మిదేళ్లప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్లని అడగాలి. మనం సత్తా అని పిలిచేదాంట్లో చాలా వరకు పదేళ్ల కిందటి శిక్షణే.

కాగితం మీద ఇలా గీసుకోండి. ఐదు గడులు చాలు.

మొదటిది నిమిషం. రెండోది మన బంతి ఎక్కడ పోయింది: మన మూడో వంతులోనా, మధ్యలోనా, వాళ్ల మూడో వంతులోనా, లేక ఆట ఆగి మొదలైన బంతా. మూడోది, గోలుకి దారితీసిన ఆఖరి పాస్ కొట్టేటప్పుడు బంతికీ గోలుకీ మధ్య మనవాళ్లు ఎంతమంది. నాలుగోది ఆఖరి తప్పు ఏ జాతిది: స్థానమా, పనితనమా, నిర్ణయమా. ఐదోది, ఇదే తప్పు ఈ మ్యాచ్‌లో ముందే ఒకసారి జరిగిందా.

మూడో గడిలో ఆరుగురో ఏడుగురో ఉండి, నాలుగో గడిలో "స్థానం" అని పడితే అది కోచింగ్. జనం ఉన్నారు, ఎక్కడ నిలబడాలో తెలియలేదు. మనిషి సరైన చోటే నిలబడి, ఒంటికి ఒంటి పోటీలో ఓడిపోతే అది పనితనం. ఐదో గడిలో "అవును" పడితే బెంచీ మీదున్నవాళ్లు చూసి కూడా మార్చలేదని అర్థం. ఈ గడి మీదే నాకు గురి ఎక్కువ. మనం మ్యాచ్ చూసేటప్పుడు పట్టించుకోనిదీ ఇదే.

గోల్స్ కొట్టలేని జబ్బుకి ఇంకో చిన్న లెక్క. మనవాడు వింగ్ నుంచి క్రాస్ కొట్టే క్షణంలో టీవీని ఆపి బాక్సులో తలలు లెక్కపెట్టండి. దగ్గరి పోస్టు, పెనాల్టీ స్పాట్, దూరం పోస్టు, బాక్సు అంచు. నాలుగు చోట్లలో రెండు ఖాళీగా ఉంటే స్ట్రైకర్‌ని తిట్టకండి, అవతలి వింగర్‌నీ మిడ్‌ఫీల్డర్‌నీ లోపలికి పంపే పథకమే లేదని అర్థం. నాలుగు చోట్లా మనిషి ఉండి హెడర్ బారు పైనుంచి పోతే స్టాపర్ గారు చెప్పిందే కరెక్టు.

ఏడురోడ్ల స్టాపర్ (శ్రీకాకుళం)

మాస్టారూ, పద్ధతి బాగుంది. కానీ "నిర్ణయం" అని ఒక మాట పడేసి వదిలేశారు. మనం ఎక్కువ గోల్స్ తింటున్నది అక్కడే కదా. కీపర్లు బయటికొచ్చి దొరికిపోవడం లేదా? అది ఏ పద్దులోకి వస్తుంది?

ఆమదాలవలస ఆఫ్‌సైడ్

సరైన చోట పట్టుకున్నారు. వరుసగా చూద్దాం.

2024 జనవరి 13, ఆస్ట్రేలియా. సగం ఆట అయ్యేసరికి 0-0, జట్టు బాగా కాపాడుకుంది. 50వ నిమిషంలో క్రాస్‌ని కీపర్ గట్టిగా దూరం కొట్టలేకపోయాడు, బంతి నేరుగా వాళ్ల ఇర్విన్ కాళ్ల దగ్గరికి వెళ్లింది, గోలు. 2024 మార్చి 26, గువాహటి, అఫ్గానిస్తాన్. 1-0 నుంచి 1-1 అయ్యింది, 88వ నిమిషంలో కీపర్ ఫౌల్, పెనాల్టీ, 1-2. 2024 నవంబరు 18, హైదరాబాద్, మలేషియా. 19వ నిమిషంలో పొడుగు బంతికి కీపర్ బాక్సు దాటి వచ్చాడు, బంతి అందలేదు, ఖాళీ గోలు. 2025 జూన్ 10, హాంకాంగ్. ఇంజురీ టైంలో గాల్లో బంతిని పంచ్ చెయ్యబోయి ప్రత్యర్థికి తగిలించాడు, పెనాల్టీ, 0-1.

నాలుగు మ్యాచ్‌లు, ఇద్దరు కీపర్లు, ముగ్గురు కాదు ఇద్దరు కోచ్‌లు. కీపర్ మారినా తప్పు జాతి మారలేదంటే మనిషిని తిట్టి ఊరుకోకూడదు.

కీపర్ బయటికి రావాలా వద్దా అనేది అతను పరుగు మొదలుపెట్టే చోటును బట్టి ఉంటుంది. డిఫెన్స్ వరస గోలుకి 40 మీటర్ల దూరంలో ఉంటే కీపర్ గోలు గీత మీద ఉండకూడదు, పెనాల్టీ బాక్సు అంచు దగ్గర, గోలుకి 15 మీటర్ల పైన, పాదాల ముందు భాగం మీద బరువేసి సిద్ధంగా ఉండాలి. వరస కిందికి జారితే తనూ జారాలి. ఈ రెండిటి మధ్య దూరం 20, 25 మీటర్లు దాటితే పైనుంచి వేసే బంతి ఎవరిదీ కాకుండా పోతుంది. క్లబ్బులో జట్టంతా కిందే కూర్చునే ఆట ఆడే కీపర్, దేశం తరఫున పైకి వెళ్లే వరస వెనక నిలబడితే అతని కాళ్లు పాత అలవాటు చోటే వెతుక్కుంటాయి. అడుగు ఆలస్యం, పరుగు మొదలయ్యాక వెనక్కి రాలేడు.

మలేషియా గోలుని నేను రెండో పద్దులో వేస్తాను: వారాలు కావాలి, దొరకలేదు. ఆస్ట్రేలియా గోలు మూడో పద్దు, పనితనం. గువాహటి, హాంకాంగ్ రెండూ మ్యాచ్ చివరివి. అక్కడ కీపర్ దాకా ఎందుకు రావాల్సి వచ్చిందో చూడాలి. ఆఖరి పది నిమిషాల్లో జట్టు బంతిని దగ్గర పెట్టుకోలేక గాల్లోకి కొట్టేస్తుంటే అది ముప్ఫై సెకన్లలో తిరిగి మన బాక్సులోకే వస్తుంది. 75వ నిమిషం తర్వాత బంతిని ఎక్కడ దాచుకోవాలి, ఏ మూలకి తీసుకెళ్లాలి, ఎవర్ని మార్చాలి అనేవి మూడు రోజుల్లో నేర్పే సంగతులు. అవి మొదటి పద్దు. అక్కడ కోచ్‌ని వదలక్కర్లేదు.

బొబ్బిలి బ్యాక్‌లైన్

కార్నర్ల గురించి ఒక్క ముక్క. పద్ధతిగా ఆడే జట్లు ఆరు గజాల గీత వెంట నలుగురైదుగుర్ని రెండు మూడు మీటర్ల ఎడంతో నిలబెడతాయి, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థి పరుగులకి అడ్డం పడతారు, ఒకడు బాక్సు అంచున రెండో బంతి (తగిలి బయటికొచ్చే బంతి) కోసం. మన కార్నర్ అయితే అవతల ఒకడు పైన ఉంటే మనవాళ్లు ఇద్దరు, ఇద్దరుంటే ముగ్గురు వెనక. ఇది తప్పితే తిన్న గోలుకి సత్తాని అడ్డం పెట్టుకోవడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే. మనం ఇది చెయ్యగలం కూడా: మలేషియా మీద సమం చేసింది బ్రాండన్ కొట్టిన కార్నర్‌కి భేకే హెడరే.

రాజాం రైట్‌బ్యాక్

మీరంతా పై అంతస్తు గురించి మాట్లాడుతున్నారు. ఆఫ్‌సైడ్ గారి మూడో పద్దు, ఆ తొమ్మిదేళ్ల పిల్లల సంగతి, మన రెండు జిల్లాల నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

సత్తా లేని నేలా ఇది? ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వెళ్లి 2000 సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అక్కడే నీలంశెట్టి అప్పన్న మాస్టారు పిల్లల చేత బరువులెత్తించారు. వెయిట్ లిఫ్టింగ్‌కి ఒక మంచి మాస్టారు, ఒక బార్‌బెల్ సెట్టు, ఒక గది ఉంటే ఒక పిల్ల ఒలింపిక్స్ దాకా వెళ్లగలదు. ఫుట్‌బాల్‌కి అలా కుదరదు. పక్కన పాస్ ఇచ్చేవాడు, ఎదుట అడ్డం పడేవాడు కూడా అంతే బాగా నేర్చుకుని ఉండాలి. ఒక్కడు బాగుంటే సరిపోదు, ఇరవై మంది కావాలి.

తెల్లారగట్ల ఊరి బయట రోడ్ల మీద ఆర్మీ సెలక్షన్ల కోసం 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలని పరిగెత్తే కుర్రాళ్లని చూస్తూనే ఉంటాం. ఊపిరి ఉంది, కండ ఉంది, పట్టుదల ఉంది. వాళ్లని ఫుట్‌బాల్‌లో దింపితే ఇరవై నిమిషాలకే తేలిపోతారు, ఎందుకంటే ఈ ఆట అడిగేది ఒకే వేగంతో పరుగు కాదు. 15, 20 మీటర్ల దౌడు, ఆగు, తిరుగు, మళ్లీ దౌడు. పైగా పద్దెనిమిదేళ్లకి మొదటిసారి బంతి కాలికి తగిలినవాడి టచ్ రెండు మూడు మీటర్లు దూరం పోతుంది. ఆ మూడు మీటర్లు పూడ్చడానికి ప్రత్యర్థికి అర సెకను చాలు. మంచి ఆటగాడి టచ్ మీటరు లోపే ఉంటుంది. ఈ తేడా ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య బంతిని ఎన్నిసార్లు తాకాడన్న దాని మీద ఆధారపడుతుంది.

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే. విడిపోకముందు శ్రీకాకుళం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 27 లక్షలు. ఆ దేశం 2016 యూరోలో ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించింది, 2018 ప్రపంచ కప్ ఆడింది. మంచు కురిసే చోట లోపల ఆడుకునే పెద్ద పెద్ద హాళ్లు కట్టారు, చిన్నపిల్లల జట్లకి కూడా లైసెన్సు ఉన్న కోచ్‌ల్నే పెట్టారు. మన దగ్గర ఏడాదిలో తొమ్మిది నెలలు బయట ఆడుకోవచ్చు. లేనిది చిన్నపిల్లల పక్కన నిలబడే మనిషి.

డ్రిల్ మాస్టార్లు ఎవరైనా చదువుతుంటే, 16 మంది పిల్లలు, 8 బంతులు, గంట సమయం ఉందనుకుని రాస్తున్నాను. స్కూల్లో సామాన్యంగా జరిగేది ఏమిటంటే ఒక బంతి వేసి, పదకొండుకి పదకొండు మందిని మొత్తం గ్రౌండులో వదలడం. అందులో బలహీనమైన పిల్లాడికి గంటలో పదిసార్లు కూడా బంతి అందదు.

మొదటి 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం: పక్కకి పరుగు, మోకాళ్లు పైకెత్తి పరుగు, ఒంటికాలి మీద నిలబడి బ్యాలెన్సు, దూకి మెత్తగా దిగడం. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకూడదు, అది ఒక్కటి చూసుకోండి.

తర్వాత 10 నిమిషాలు ఇద్దరికో బంతి. ఎనిమిది మీటర్ల ఎడంలో పాస్. అందుకునేవాడు బంతికి ఎదురుగా గుండెలిచ్చి నిలబడకుండా సగం పక్కకి తిరిగి, దూరం కాలితో ఆపాలి. బంతి దారిలో ఉండగా ఒకసారి వెనక్కి చూడాలి. వెనక మీరు నిలబడి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి, చూడ్డం అలవాటవుతుంది. సగం సమయం ఎడమకాలికే.

తర్వాత 15 నిమిషాలు 8 మీటర్ల చదరంలో నలుగురు బయట, ఒకడు లోపల. రెండు టచ్‌లే. బంతి పోగొట్టినవాడు లోపలికి. పిల్లలకి మరీ కష్టమైతే చదరం 10 మీటర్లకి పెంచండి, టచ్‌ల లెక్క తీసెయ్యకండి.

ఆఖరి 25 నిమిషాలు నలుగురికి నలుగురు, 30 మీటర్లు బై 20, రెండు కోర్టులు, కీపర్ లేడు, గోలు రెండు మీటర్ల వెడల్పు. నాలుగు నిమిషాల ఆట, నిమిషం విశ్రాంతి, మజ్జిగో నీళ్లో. ఆట మధ్యలో ఆపి ఉపన్యాసం చెప్పకండి, విశ్రాంతి నిమిషంలో ఒకే ఒక్క మాట చెప్పండి.

మన గ్రౌండ్ల వల్ల వచ్చే చిక్కులు రెండు. ఎండాకాలం మొరం నేల రాయిలా అవుతుంది. పొడుగు స్టడ్‌లున్న బూట్లు దిగబడవు, చీలమండ మెలిక పడుతుంది. పొట్టి రబ్బరు బొడిపెలున్న టర్ఫ్ షూస్ చాలు. రెండోది బంతి గాలి. పంపు కొట్టి రాయిలా చేసేస్తారు, గట్టి నేల మీద అది మోకాలెత్తు ఎగురుతుంది, పిల్లాడు టచ్ నేర్చుకోడు, తప్పించుకోవడం నేర్చుకుంటాడు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి 4 నంబరు బంతే ఇవ్వండి.

మూడులాంతర్ల మిడ్‌ఫీల్డర్ (విజయనగరం)

రైట్‌బ్యాక్ గారూ, గాలి ఎంత పెట్టాలి? విజ్జీ స్టేడియం వైపు పొద్దున్నే చిన్నపిల్లల్ని తెచ్చేవాళ్లు కొందరున్నారు, వాళ్లకి చెప్తాను.

ఆఫ్‌సైడ్ గారూ, మీ ఐదు గడుల కాగితం గీశాను. సింగపూర్, ఢాకా మ్యాచ్‌లు రెండూ మళ్లీ చూస్తూ నింపుతాను. తర్వాతి మ్యాచ్‌ని ముందు నుంచే రాస్తాను. ఒక సందేహం: పెనాల్టీతో తిన్న గోలుకి రెండో గడిలో ఏం రాయాలి? ఆట ఆగి మొదలైన బంతి అనా?

రాజాం రైట్‌బ్యాక్

నిబంధనల ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ దాకా ఉండొచ్చు. గట్టి నేల మీద పిల్లలకి ఆ కింది అంకె దగ్గరే ఆపండి. గేజ్ లేకపోతే బంతిని రెండు చేతుల్తో పట్టుకుని బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి, కొంచెం లోపలికి వెళ్లాలి. తల ఎత్తు నుంచి వదిలితే నడుము దాటి లేవకూడదు.

ఆమదాలవలస ఆఫ్‌సైడ్

అలా రాయకండి, లెక్క తప్పుతుంది. పెనాల్టీకి ఫౌల్ జరిగిన క్షణం నుంచి వెనక్కి వెళ్లి, మన కాళ్ల దగ్గర బంతి ఆఖరిసారి ఎక్కడ పోయిందో ఆ చోటు రాయండి. మూడో గడిలో ఫౌల్ అప్పుడు బంతికీ గోలుకీ మధ్య ఎంతమంది ఉన్నారో రాయండి. పక్కన చిన్నగా "పె" అని గుర్తు పెట్టుకోండి. కార్నర్ నుంచి పుట్టిన పెనాల్టీ అయితేనే ఆగి మొదలైన బంతి కింద వేసి, ఆ కార్నర్ ఎలా ఇచ్చామో ఇంకో వరసలో రాయండి. రెండు మ్యాచ్‌లూ నిండాక ఇక్కడ పెట్టండి, స్టాపర్ గారూ నేనూ నాలుగో గడి విడివిడిగా నింపి పంపుతాం. ముగ్గురి కాగితాల్లో ఎక్కడ తేడా వస్తే ఆ గోలుని మళ్లీ చూద్దాం.